డబ్బా విప్పని ట్రక్కుకీ వయసొస్తుంది

పాత రిమోట్ కంట్రోల్ ట్రక్కులు కొనేవాళ్ల మధ్య, అమ్మేవాళ్ల మధ్య ఒక మాటకి ఎక్కడలేని విలువ: 'డబ్బా విప్పలేదు'. 1987లో ఎవరో పిల్లవాడి పుట్టినరోజుకని కొన్నారు, ఏ కారణం చేతో అది అల్మారాలోనే ఉండిపోయింది. ఇప్పుడు దాని వెల కొన్ననాటి వెలకి ఎన్నో రెట్లు. కొన్నవాడు భక్తితో మూత తీస్తాడు. టైరు ఒకటి బాడీకి ఆనుకుని ఉంటుంది. దాన్ని పక్కకి లాగితే, ఆనిన చోట ప్లాస్టిక్ మెత్తబడి, టైరు పళ్ల అచ్చు దిగి కనిపిస్తుంది. ఎవరూ ముట్టుకోలేదు, ఎండ తగల్లేదు, దుమ్ము పడలేదు. మరి పాడు చేసిందెవరు? పక్కనున్న టైరే.

ఆ టైరు దగ్గరికి మళ్లీ వద్దాం. ముందు ఈ బళ్లేమిటో చూద్దాం.

జపాన్‌లోని షిజువోకా నగరంలో టమియా అనే కంపెనీ ఉంది. మొదట్లో అది కలప వ్యాపారం. తర్వాత చెక్క బొమ్మల కిట్లు, ఆపైన ప్లాస్టిక్ కిట్లు. 1976లో పోర్షే 934 రూపంలో తన తొలి రిమోట్ కంట్రోల్ కారు తెచ్చింది. 1981లో వచ్చిన టొయోటా హైలక్స్ ట్రక్కుతో అసలు మజా మొదలైంది. మన లారీల కింద ఉండే కమాన్ పట్టీల్లాంటివే చిన్నసైజులో, నిచ్చెనలాంటి లోహపు చట్రం, మూడు గేర్ల గేర్‌బాక్సు! బొమ్మ అనడానికి నోరు రాదు. 1985లో దాని తమ్ముడు బ్రూయిజర్ వచ్చింది. అప్పటికే అమెరికాలో సెయింట్ లూయిస్‌కి చెందిన బాబ్ చాండ్లర్ తన ఫోర్డ్ ఎఫ్-250కి భారీ చక్రాలు బిగించి, 'బిగ్‌ఫుట్' అని పేరు పెట్టి, 1981లో దానితో పాత కార్లని తొక్కించి చూపించాడు. ఆ 'మాన్‌స్టర్ ట్రక్' పిచ్చి టమియా కిట్లలోకీ వచ్చింది. 1986లో బ్లాక్‌ఫుట్, 1987లో లంచ్ బాక్స్ వ్యాను, అదే ఏడాది క్లాడ్ బస్టర్. ఈ క్లాడ్ బస్టర్‌కి ముందు ఇరుసుకొకటి, వెనక ఇరుసుకొకటి చొప్పున రెండు మోటార్లు. నాలుగు చక్రాలూ మోటారు తోపుతోనే తిరుగుతాయి. ఒక్కో టైరు ఇంచుమించు కొబ్బరికాయంత.

ఇవన్నీ విడిభాగాలుగా వచ్చిన కిట్లు. కొన్నవాడే బొమ్మల పుస్తకం చూస్తూ స్క్రూ స్క్రూ బిగించుకోవాలి. ఇవాళ వీటిని బాగుచేయడం సాధ్యమవుతోందంటే కారణం అదే. బిగించగలిగినదాన్ని విప్పగలం. అతికించి మూసేసిన మామూలు రిమోట్ కారుకి ఆ భాగ్యం లేదు. విప్పేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త: ఈ స్క్రూల తలలు జపాన్ ప్రమాణం ప్రకారం చేసినవి. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ వాటిలో పూర్తిగా కూర్చోదు, జారి తలని నలిపేస్తుంది. తల నలిగిన స్క్రూ కనిపించిందంటే, ఎవరో తెలియనివాళ్లు ఈ బండి మీద చెయ్యి చేసుకున్నారని అర్థం. కొనేముందు నేనైతే మొదట అవే చూస్తాను.

ఇక టైరు. రబ్బరు మెత్తగా ఉండడానికి అందులో నూనెల్లాంటి పదార్థాలు కలుపుతారు. అవి రబ్బరు అణువులతో గట్టిగా ముడిపడి ఉండవు, వాటి మధ్య తిరుగుతుంటాయి. మెల్లగా పైకి వస్తాయి. పక్కన స్టైరీన్ కుటుంబపు ప్లాస్టిక్ ఉంటే అందులోకీ ఇంకుతాయి. ట్రక్కు బాడీలకి వాడే ఏబీఎస్, పాలిస్టైరీన్ ఆ కుటుంబానివే. ఇంకిన చోట ప్లాస్టిక్ గొలుసులు వదులై, గట్టిదనం పోయి, జిగురవుతుంది. ఆవకాయ జాడీ కింద పరిచిన కాగితానికి నూనె పట్టినట్టే, కాకపోతే ఇక్కడ కాగితమే కరుగుతుంది. ఇచ్చేసిన టైరూ సుఖపడదు. నూనె పోయిన రబ్బరు బిరుసెక్కుతుంది. దానికి తోడు గాలిలో ఉండే కొద్దిపాటి ఓజోన్, రబ్బరు గొలుసుల్లోని జంట బంధాలని తెంచుతుంది. రబ్బరు సాగి ఉన్న చోటే ఆ తెగుడు పగులుగా విచ్చుకుంటుంది. అల్మారాలో ఏళ్ల తరబడి తన బరువు మీద తనే నిలబడిన బండికి టైరు పక్క గోడల మీద సన్నని గీతలు పడేది అందుకే. వాటిని పూడ్చే మందు లేదు.

బాడీ పసుపెక్కడం ఇంకో కథ. ఏబీఎస్‌లో మూడు పదార్థాలుంటాయి: ఎక్రిలోనైట్రైల్, బ్యూటడయీన్, స్టైరీన్. దెబ్బ తగిలినా విరగకుండా కాచేది మధ్యనున్న బ్యూటడయీన్ రబ్బరు. ఎండలోని అతినీలలోహిత కిరణాలూ గాలిలోని ఆక్సిజనూ కలిసి మొదట దాడి చేసేది కూడా దాని మీదే. ఆ చర్యలో పుట్టే కొత్త అణుభాగాలు నీలి వెలుతురుని మింగేస్తాయి. మిగిలిన వెలుతురు మన కంటికి పసుపుగా కనిపిస్తుంది. అంటే పసుపు రంగు మురికి కాదు, తోమితే పోదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలోనో అతినీలలోహిత దీపం కిందో పెడితే తెల్లబడుతుంది. నిజమే, చూడ్డానికి మాయలా ఉంటుంది. కానీ అది రంగునిచ్చే భాగాలని మాత్రమే విరగ్గొడుతుంది. తెగిన రబ్బరు గొలుసులు తిరిగి అతుక్కోవు. తెల్లబడిన బాడీ పసుపు బాడీ అంత పెళుసుగానే ఉంటుంది, కొన్నాళ్లకి, చీకట్లో దాచినా, మళ్లీ పసుపెక్కవచ్చు. ముసలాయన జుట్టుకి రంగేస్తే మోకాళ్ల నొప్పులు పోతాయా?

విరిగిన ఏబీఎస్‌ని అతికించడంలో మాత్రం రసాయనశాస్త్రం మన పక్షాన ఉంది. కిట్‌లో భాగాలని పట్టి ఉంచే ప్లాస్టిక్ కాడలుంటాయి. ఆ కాడల ముక్కల్ని ఎసిటోన్‌లో వేస్తే కరిగి చిక్కటి గంజిలా తయారవుతాయి. విరిగిన రెండు అంచులకీ అది పూసి నొక్కి పట్టుకుంటే, ఎసిటోన్ ఆవిరైపోయేలోపు రెండు వైపుల గొలుసులూ ఒకదానిలోకొకటి చొచ్చుకుంటాయి. జిగురు పైపైన పట్టుకుంటుంది, ఇది మాత్రం ఒకే ప్లాస్టిక్కవుతుంది. నైలాన్ భాగాల దగ్గర ఈ కిటుకు పారదు. చక్రాలని మోసే చేతుల్లాంటి భాగాలు చాలా వరకు నైలానే, దానిని ఎసిటోన్ ఏమీ చెయ్యలేదు. పాత నైలాన్ ఎండి పెళుసైతే కాసేపు నీళ్లలో మరిగిస్తారు. నైలాన్‌కి నీటిని పీల్చుకునే గుణం ఉంది. పీల్చుకున్న నీరు గొలుసుల మధ్య చేరి వాటిని కాస్త జారేలా చేస్తుంది, వంగే గుణం తిరిగి వస్తుంది. తెల్ల నైలాన్ చక్రాలకి బట్టల రంగు కూడా పడుతుంది.

మెరిసే క్రోమ్ చక్రాలు, బంపర్లు చూసి లోహమనుకోవద్దు. ప్లాస్టిక్ మీద శూన్యంలో ఆవిరి చేసి పట్టించిన అల్యూమినియం పొర అది, వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. అల్యూమినియం క్షారంలో కరుగుతుంది. మురికి వదలాలని బ్లీచింగ్ ద్రావణంలోనో కాస్టిక్ సోడాలోనో వేశారో, చక్రాలు కాసేపట్లో బోడి ప్లాస్టిక్‌గా బయటికొస్తాయి. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు ద్రావణం రెండు చుక్కలు, మెత్తటి బ్రష్షు చాలు.

ఆ మాటకొస్తే క్షారం ఇంకోచోట కూడా పొంచి ఉంటుంది. పాత రిమోట్ వెనక మూత తీస్తే సెల్స్ కారి, తెల్లగా పొరలు కట్టి ఉంటుంది. 'బ్యాటరీ ఆసిడ్ కారింది' అంటాం. ఆల్కలైన్ సెల్స్‌లో, నికెల్ కాడ్మియం బ్యాటరీల్లో ఉండేది ఆసిడ్ కాదు, పొటాషియం హైడ్రాక్సైడ్ అనే గట్టి క్షారం. అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి తెల్లని కార్బనేట్‌గా మారుతుంది. దానికి విరుగుడు వంటసోడా కాదు, నిమ్మరసమో వెనిగరో. రెండు చుక్కలు వేస్తే బుసబుస పొంగి, తర్వాత శుభ్రంగా తుడుచుకుపోతుంది. మన రేడియోల్లో, టార్చిలైట్లలో వేసుకున్న పాత జింక్ కార్బన్ సెల్స్ మాత్రం ఆసిడ్ స్వభావంతోనే కారతాయి, వాటికి వంటసోడా నీళ్లే సరైనవి. చిలుము పట్టిన రాగి రేకులకి మన వంటింట్లోనే మందుంది: ఇత్తడి చెంబులు తోమే చింతపండు. అందులోని టార్టారిక్ ఆమ్లం ఆక్సైడు పొరని కరిగించి రాగిని బయటపెడుతుంది. తర్వాత మంచినీళ్లతో కడిగి ఆరబెట్టడం మర్చిపోతే చిలుము మళ్లీ త్వరగా వస్తుంది.

రాగి రేకులంటే గుర్తొచ్చింది. ఆ రోజుల్లో ఈ కిట్లలో వేగం పెంచడానికి, తగ్గించడానికి ఎలక్ట్రానిక్స్ ఏమీ ఉండేవి కావు. సర్వో అనే చిన్న మోటారు ఒక మీటని రాగి రేకుల మీద జరుపుతుంది. తక్కువ వేగం కావాలంటే మధ్యలో ఒక నిరోధకం వస్తుంది, మన పాతకాలపు ఫ్యాన్ రెగ్యులేటర్ లాగానే, అంతే వేడిగా. ఆరు నికెల్ కాడ్మియం సెల్స్ కలిపి 7.2 వోల్టుల బ్యాటరీ అనుకుందాం. 0.3 ఓమ్‌ల నిరోధకం గుండా 10 ఆంపియర్లు పోతే, 3 వోల్టులు అక్కడే హరించుకుపోయి 30 వాట్ల వేడి పుడుతుంది. ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్ ట్రక్కు పొట్టలో పెట్టుకుని తిరిగినట్టు. ఇప్పటి ఎలక్ట్రానిక్ కంట్రోలర్ కరెంటుని సెకనుకి వేలసార్లు పూర్తిగా ఇచ్చి, పూర్తిగా ఆపి, సగటుతో వేగాన్ని నడుపుతుంది, అందుకే చల్లగా ఉంటుంది. బండి తిరగాలంటే అదే పెట్టాలి. అద్దాల బీరువాలో ఉండాలంటే పాత రేకులే అందం.

పాత బండి తనంతట తాను వణకడం, చేతిలో మీట కదపకుండానే పక్కకి తిరగడం చాలామంది చూసిన జబ్బే. దయ్యం పట్టలేదు. పక్కింట్లో మిక్సీ వేస్తే మన రేడియో గరగరలాడిన రోజులు గుర్తున్నాయా? మిక్సీలోలాగే ఈ మోటారులోనూ బ్రష్షులనే కార్బన్లుంటాయి. అవి రాగి కమ్యుటేటర్ మీద జారేటప్పుడు నిప్పురవ్వలు ఎగురుతాయి. శాస్త్రవేత్త హెర్ట్జ్ రేడియో తరంగాలని మొట్టమొదట పుట్టించింది కూడా నిప్పురవ్వతోనే. కాబట్టి ప్రతి రవ్వా ఒక పిచ్చి ప్రసారకేంద్రం. దాన్ని అణచడానికి మోటారు ఒంటి మీద బుల్లి కెపాసిటర్లు టంకం వేసి అతికిస్తారు. అవి ఊడిపోయినా, కార్బన్లు అరిగినా, ఆ రొద అంగుళాల దూరంలోని రిసీవర్‌లోకి నేరుగా దూరుతుంది. పాత సెట్లు వాడిన 27 మెగాహెర్ట్జ్ పట్టీలో ఈ రొద బాగా వినిపిస్తుంది. ఆ తరంగం పొడవు దాదాపు 11 మీటర్లు, అందుకే రిమోట్‌కి బారెడు యాంటెన్నా లాగాల్సి వచ్చేది. ఇవాళ్టి 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లే, యాంటెన్నా వేలెడంత తీగ. పైగా పాత సెట్టులో ఇద్దరి దగ్గరా తరంగాన్ని నిర్ణయించే క్రిస్టల్ ఒకే రంగుదైతే ఒకడి రిమోట్‌కి ఇంకొకడి బండి పరుగెత్తేది. కొత్త సెట్టులో రిమోటూ రిసీవరూ ముందే ఒకదాన్నొకటి గుర్తుపట్టి ఉంటాయి. రేడియో మార్చేశారని పాత బండి వెల తగ్గించి అడిగేవాళ్లుంటారు. కిట్లలో రేడియో విడిగా కొనుక్కునేదే. దాన్ని మార్చడం తప్పేమీ కాదు.

బేరం విషయానికొస్తే, చాలాకాలం ఈ సంతలో వెల పెంచింది కొరత. తర్వాత టమియా పాత నమూనాల్ని మళ్లీ అచ్చుపోయడం మొదలుపెట్టింది: 2005లో లంచ్ బాక్స్, 2012లో బ్రూయిజర్, 2016లో బ్లాక్‌ఫుట్. ఆడుకోవడానికి కావలసినవాడు కొత్తది కొనుక్కుంటాడు కాబట్టి అరిగిన పాత బండికి గిరాకీ తగ్గింది. అదే సమయంలో పాత బండి బాగుచేసేవాళ్లకి కొత్త విడిభాగాలు దొరికాయి. ఇక్కడే చిక్కు. 1986 నాటి చట్రం మీద 2016 బాడీ, కొత్తగా అచ్చేసిన స్టిక్కర్లు, త్రీడీ ప్రింటర్‌లో తీసిన బంపరు పెట్టి 'ఒరిజినల్' అని అమ్మితే అది మోసం. అవే భాగాలు కొత్తవని చెప్పి అమ్మితే నిజాయితీగల మంచి బండి. అమెరికాలో గ్యారేజ్ సేల్‌కి వెళ్లే మనవాళ్లెవరికైనా అట్టపెట్టెలో ఇలాంటి ట్రక్కు కనిపిస్తే, మొదట పైన మెరుపు కాదు, బోర్లా తిప్పి కింద చూడాలి. గేర్‌బాక్సు చెవి విరిగిందా, చక్రం వేలితో తిప్పితే పళ్లు కిరకిరమంటున్నాయా, టైరు గిల్లితే పెళుసుగా రాలుతోందా. లోహం తుప్పు పట్టినా, గ్రీజు తారులా గడ్డకట్టినా భయపడనక్కర్లేదు, అవి ఒక ఆదివారం పని. ఇత్తడి రంగు బుష్‌ల స్థానంలో బాల్ బేరింగులు వేస్తే కొత్తదానికంటే తేలిగ్గా తిరుగుతుంది. కరిగిన బాడీకీ, పగిలిన టైరుకీ మాత్రం వెల కోసేయాలి. కొన్నాక ఇంకో ఆశ పుడుతుంది: లిథియం బ్యాటరీ, బ్రష్షులు లేని శక్తిమంతమైన మోటారు. దశాబ్దాల నాటి ప్లాస్టిక్ గేరు ఆ తోపుకి ఒక్క గుంజులో పళ్లు రాల్చుకుంటుంది.

బాగుచేసిన బండిని అల్మారాలో పెట్టేటప్పుడు చట్రం కింద ఒక చెక్కముక్క పెట్టండి, టైర్లు గాలిలో వేలాడాలి. బాడీ విడిగా ఉంటే టైర్లకి తగలకుండా పెట్టండి. కిటికీ ఎండ పడని చోటు చూసుకోండి. రిమోట్‌లోంచి సెల్స్ తీసేశారా?