కరెంటు పోతే రేడియో పలికింది!

మిట్టమధ్యాహ్నం. ఆదోనిలో ఓ మిద్దె మీద లాప్‌టాప్ ముందు కూర్చున్న కుర్రాడిని ఊహించుకోండి. పక్కన అగ్గిపెట్టెంత డాంగుల్, దానికి తగిలించిన పొడవాటి వైరు. పట్టుకోవాల్సింది ఆకాశవాణి డిజిటల్ ప్రసారం. గంట నుంచీ కుస్తీ పడుతున్నా చప్పుడు లేదు.

‘ఏమిరా, పలికిందా?’ అని కింద నుంచి కేక.

‘లేదు తాతా!’

అంతలో కరెంటు పోయింది. ఇంట్లో ఫ్యాను ఆగింది, టీవీ ఆగింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. మరు నిమిషంలో స్పష్టంగా వార్తలు!

ఇందులో మాయేమీ లేదు. డిజిటల్ రేడియోని సాఫ్ట్‌వేర్‌తో పట్టేవాళ్లకు తరచూ ఎదురయ్యే అనుభవమే ఇది.

పాత సెట్టు గరగరమనేది...

పాత ట్రాన్సిస్టర్‌లో సిగ్నల్ తగ్గితే గరగర పెరిగేది. చెవి రిక్కించి వింటే మాటలైనా అర్థమయ్యేవి. డిజిటల్ అలా కాదు. అవసరమైనంత బలం ఉన్నంతవరకూ గొంతు శుభ్రంగా వస్తుంది. అది దాటి తగ్గిందో... నిశ్శబ్దమే! వాన కబురు కోసం రేడియో పెట్టిన రైతుకి గరగర కన్నా ఈ నిశ్శబ్దమే ఎక్కువ ఇబ్బంది. లోపం ఎక్కడుందో అది చెప్పదు మరి.

ఆకాశవాణి ‘డిజిటల్ రేడియో మాండియాల్’... క్లుప్తంగా డీఆర్ఎం అనే పద్ధతిని ఎంచుకుంది. 2009 జనవరిలో ఢిల్లీ దగ్గరి ఖాంపూర్ నుంచి షార్ట్‌వేవ్‌లో ప్రసారాలు మొదలుపెట్టింది. ఆ తర్వాత 35 మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను ఈ పద్ధతికి అనువుగా ఏర్పాటుచేసింది. హైదరాబాద్ 738, బెంగళూరు 612 కిలోహెర్ట్జ్ కేంద్రాలూ ఆ జాబితాలోవే. ఆదోని, ఎమ్మిగనూరు, కృష్ణగిరి ప్రాంతాలు ఈ రెండు నగరాలకీ మధ్యలో, దేనికీ మరీ దగ్గర కాకుండా ఉంటాయి. సిగ్నల్ అందీ అందని దూరం. లోపాలు వెతకడం నేర్పేదీ అదే.

టీవీ డాంగుల్ రేడియో అయింది

సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియోలో (ఎస్‌డీఆర్) సర్క్యూట్లు చేసే పని చాలావరకూ కంప్యూటర్ ప్రోగ్రామే చేస్తుంది. డిజిటల్ టీవీ కోసం తయారైన చవక డాంగుల్ ఇందుకు పనికొస్తుందని 2012లో ఔత్సాహికులు ప్రపంచానికి చాటారు. అయితే వాటిలో చాలావాటి ట్యూనర్ సుమారు 24 మెగాహెర్ట్జ్ నుంచే మొదలవుతుంది. 738 కిలోహెర్ట్జ్ అంటే దానికి ఎంతో కింద. కాబట్టి డాంగుల్‌ను ‘డైరెక్ట్ శాంప్లింగ్’లో పెట్టాలి, లేదంటే ఫ్రీక్వెన్సీని పైకి మార్చే అప్‌కన్వర్టర్ వాడాలి. ఈ సంగతి తెలియక కొత్తవాళ్లు మొదటి రోజే నిరాశపడిపోతారు.

తెర మీద మిద్దె ఉందా?

ముందుగా చూడాల్సింది అసలు ప్రసారం ఉందా అని. డిజిటల్ ప్రసారం రోజంతా ఉండకపోవచ్చు. మామూలు స్టేషన్ తెరమీద మధ్యలో నిటారుగా ఓ గీత, అటూ ఇటూ రెక్కల్లా కనిపిస్తుంది. డీఆర్ఎం మాత్రం మన సీమ మిద్దెలా చదునుగా, సుమారు 10 కిలోహెర్ట్జ్ వెడల్పున ఉంటుంది. మిద్దె కనపడకపోతే సాఫ్ట్‌వేర్‌ని తిట్టి లాభం లేదు.

కనపడితే తర్వాతి పని ‘డ్రీమ్’ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌ది. అందులో వరసగా వెలిగే దీపాలుంటాయి. ఏ దీపం దగ్గర ఎరుపు ఆగిందో, లోపం అక్కడే!

* మొదటి దీపాలే వెలగకపోతే: ప్రోగ్రామ్‌కి సిగ్నల్ సరిగ్గా అందడం లేదు. ఏఎం మోడ్‌లో పెట్టారేమో, ఫిల్టర్ వెడల్పు చాలదేమో చూడాలి. సిగ్నల్ తలకిందులుగా వస్తోందేమో కూడా పరీక్షించాలి. దాన్ని సరిచేసే మీట ప్రోగ్రామ్‌లోనే ఉంటుంది.

* దీపాలు వెలుగుతూ ఆరుతూ ఉంటే: డాంగుల్ గడియారం తప్పుతోందేమో! పది లక్షల్లో 30 వంతుల తేడా అంటే వినడానికి చిన్నదే. కానీ 125 మెగాహెర్ట్జ్ అప్‌కన్వర్టర్‌తో వాడితే స్టేషన్ దాదాపు 3.75 కిలోహెర్ట్జ్ పక్కకి జరుగుతుంది. డాంగుల్ వేడెక్కేదాకా ఆగి, తేడాను సరిచేసుకోవాలి.

* స్టేషన్ పేరు కనిపించి గొంతు రాకపోతే: రెండు కారణాలు. ఒకటి, శబ్దాన్ని విప్పే కోడెక్ ఫైలు కంప్యూటర్లో లేకపోవడం. రెండోది, పేరు లాంటి చిన్న సమాచారం బలమైన రక్షణతో వస్తుంది కాబట్టి బలహీన సిగ్నల్‌లోనూ దాటుతుంది. మాటలు మోసే భాగానికి అంత ఓపిక ఉండదు.

దొంగ ఇంట్లోనే!

ఇవన్నీ సరిచేసినా నోరు మెదపకపోతే, ఇక ఇంట్లోనే వెతకాలి. ఎల్ఈడీ బల్బు, సెల్‌ఫోన్ చార్జరు, ఇన్వర్టరు, టీవీ సెట్‌టాప్ బాక్సు... వీటిలోని కరెంటు మార్పిడి సర్క్యూట్లు మీడియం వేవ్ నిండా రొద నింపుతాయి. వందల కిలోమీటర్లు దాటి నీరసించి వచ్చే సిగ్నల్‌కి ఆ రొదలో దారి దొరకదు. అందుకే కరెంటు పోగానే మన కుర్రాడి లాప్‌టాప్ పలికింది.

కరెంటు పోయేదాకా కాచుకోనక్కర్లేదు. లాప్‌టాప్‌ను బ్యాటరీ మీద ఉంచి, ఇంటి మెయిన్ స్విచ్ కట్టేయాలి. రొద తగ్గిందంటే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఆపైన స్విచ్‌లు ఒక్కొక్కటే వేస్తూ పోతే ఎవరో తేలిపోతుంది. యాంటెన్నాను ఇంటి వైర్లకు దూరంగా కట్టడం, యూఎస్‌బీ తీగకు ఫెర్రైట్ రింగు తొడగడం, లూప్ యాంటెన్నాను రొద తగ్గే దిశకు తిప్పడం... ఇవన్నీ పెద్దగా ఖర్చులేని చికిత్సలే.

ఇంకో మాట. ఎస్‌డీఆర్ చేతిలో ఉంది కదా అని అన్నీ వినకూడదు. అందరి కోసం చేసే ప్రసారాలు వేరు, పోలీసు వైర్‌లెస్ లాంటివి వేరు. హద్దు దాటితే చట్టం ఊరుకోదు. తిరిగి మాట్లాడాలనుంటే పరీక్ష రాసి అమెచ్యూర్ రేడియో లైసెన్సు తీసుకోవాలి. ఆసక్తి ఉన్నవాళ్లకు దారి చూపేందుకు హైదరాబాద్‌లో 1983లోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏర్పడింది.

వర్షాధారపు పొలాలు, పత్తి మీద బతికే మార్కెట్టు, పనులు లేకపోతే గుంటూరు మిరప చేలకు బయల్దేరే కుటుంబాలు... ఇలాంటి చోట రేడియో కాలక్షేపం మాత్రమే కాదు. సెల్ టవరు మూగబోయిన రోజున కూడా వినిపించేది అదే. అది ఎందుకు పలకడం లేదో కనిపెట్టగలిగేవాళ్లు ఊరికొకరున్నా మేలే.

మిద్దె మీద కుర్రాడు మెట్లు దిగి వచ్చాడు. కరెంటొచ్చింది, రేడియో మళ్లీ మూగబోయింది. ఈసారి వాడికి కారణం తెలుసు. తాత మంచం పక్కన గుచ్చి ఉన్న సెల్ చార్జరుని మెల్లగా పీకాడు.