పోపులపెట్టెలో స్నేహం

సంస్కృతంలో ‘స్నేహ’ శబ్దానికి చెలిమి అనే అర్థంతోపాటు నూనె, జిడ్డు అనే అర్థం కూడా ఉన్నది. ఆయుర్వేదం నేయి, నూనె, వస, మజ్జ అనే నాలుగింటిని మహాస్నేహాలుగా పరిగణించింది. అందులో మిరపకాయకు గాని, ధనియాలకు గాని చోటు లేదు. అది సహజమే. కారమూ పసుపూ రుచికోసం, రంగుకోసమే తప్ప కొవ్వుకోసం ఎవరు వాడుతారు? అయినను ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార, వ్యవసాయ సంస్థ 1961 మొదలుకొని వివిధ దేశాలకు రూపొందించిన ఆహార తులనాపట్టికలలో సుగంధద్రవ్యాల ద్వారా లభించే కొవ్వుకు కూడా ఒక వరుస ఉన్నది.

ఆ లెక్క కట్టే పద్ధతి సులభమైనదే. దేశంలో పండిన సరుకుకు దిగుమతులను కలిపి, దాని నుండి ఎగుమతులు, విత్తనాలు, వృథా అయినవి తీసివేస్తారు. నిల్వలలోని హెచ్చుతగ్గులను సర్దుతారు. మిగిలినదాన్ని జనాభాతోను, సంవత్సరంలోని దినాలతోను భాగించి, అందులోని కొవ్వు పాలును గణిస్తారు. ఈ పాలు అన్నింటిలోను ఒకటి కాదు. నూరు గ్రాముల ధనియాలలో సుమారు 16 నుండి 18 గ్రాములు, జీలకర్రలో 15 నుండి 22 గ్రాముల వరకు కొవ్వు ఉంటుంది. ఎండుమిరపలో రకాన్ని, గింజలను బట్టి 6 నుండి 17 గ్రాముల వరకు ఉంటుంది. పసుపులో అది చాలా స్వల్పం. పోపులో అందరికంటే ముందు చిటపటలాడే ఆవాలు మాత్రం ఆ పట్టికలో నూనెగింజల వరుసలో చేరాయి. వంటింటి వర్గీకరణ వేరు, పట్టికల వర్గీకరణ వేరు.

ఒక వ్యక్తి దినానికి 8 గ్రాముల మసాలా దినుసులు తింటాడనుకొందాము. వాటిలో కొవ్వు సగటున 12 శాతమనుకొంటే లభించేది సుమారు ఒక గ్రాము. అనగా 9 కిలోకేలరీలు. ఒక చెంచా నూనెలో అంతకు దాదాపు ఐదు రెట్లున్నది. మనదేశంలో సుగంధద్రవ్యాల ఉత్పత్తి జనాభాకంటె వేగంగా వృద్ధి చెందింది గనుక ఈ వరుసలోని అంకె కూడా మెల్లగా పైకి కదిలింది. కాని అసలైన పెరుగుదల నూనెల వరుసలోనిది. 1986లో నూనెగింజల సాంకేతిక మిషన్ ప్రారంభమైనది. 1994లో పామోలిన్ దిగుమతులపై ఆంక్షలు సడలాయి. ఆ తరువాత చౌక నూనె సామాన్యుని మూకుడులోకి వచ్చింది.

మిరప మన నేలపైకి వచ్చినది పోర్చుగీసువారి రాక తరువాతనే. దాని స్వస్థలం అమెరికా ఖండం. శ్రీకృష్ణదేవరాయలు (1509–1529) తన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని ఇంటి చలికాలపు విందును వర్ణించినప్పుడు మిరియపు పొడినీ, ముక్కుకెక్కే ఆవఘాటునూ, నేతినీ చెప్పెను గాని మిరపకాయను చెప్పలేదు. నేడు గుంటూరు మిర్చి యార్డును చూచినవారికి ఈ మాట నమ్మశక్యం కాదు. ‘మిరప’ అనే పేరే మిరియానికి చుట్టరికం చెబుతున్నది.

మిరపలోని కారమూ, పసుపులోని కుర్కుమిన్ అనే వర్ణద్రవ్యమూ నీటికంటె కొవ్వులో సులభంగా కరుగుతాయి. అందుకే కారం, పసుపు నూనెలో వేగినప్పుడు కూర రంగు తేలుతుంది. నోరు మండినవారికి నీరు కన్న పెరుగు ఉపశమనమిస్తుంది. నిజామాబాదు పసుపు విపణిలో కొమ్ము విలువను నిర్ణయించే అంశాలలో ఈ కుర్కుమిన్ ఒకటి. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు ఆ నగరం కేంద్రంగానే ప్రారంభమైనది. బాన్సువాడ ప్రాంతం నిజాంసాగర్ ఆయకట్టు కింద వరికి పేరుపొందినది. పసుపు చేలను చూడగోరే విద్యార్థి ఆర్మూరు, బాల్కొండ వైపు వెళ్ళవలెను.

చట్టం కూడా ఈ జిడ్డును గుర్తించింది. కారం పొడిలో ఈథర్‌లో కరిగే, ఆవిరికాని సారం కనీసం 12 శాతం ఉండవలెనని ప్రమాణం. ఈ సారంలో గింజల కొవ్వు, రంగు, కారం మూడూ కలిసి ఉంటాయి. సారాన్ని పిండుకొన్న పిప్పినో, తవుడునో కలిపిన పొడి ఈ పరీక్షలో దొరికిపోతుంది. స్నేహం తక్కువైన చోట మోసాన్ని శంకించవలెనన్నమాట! అదే కొవ్వు గాలి తగిలితే చెడుతుంది. ఏళ్ళతరబడి నిలువ ఉంచిన పొడికి ముక్కవాసన వచ్చేది అందువల్లనే.

ఇక పేదవాని కంచం సంగతి. ఎండుమిరపలో విటమిన్ ‘ఎ’గా మారే కెరోటిన్ సమృద్ధిగా ఉన్నది, కాని భోజనంలో కొంతైనా కొవ్వు లేనిదే శరీరం దానిని గ్రహించలేదు. వట్టి కారం మెతుకులతో పూట గడిపే కూలివానికి గింజలలోని ఆ పిసరంత కొవ్వు చాలదు. కారంలో వేసుకొన్న చెంచా నువ్వులనూనె అతనికి విలాసం కాదు. మరొక ఇంట అదే కారం ఊరగాయలో నూనెలో తేలుతుంటుంది. దేశానికి తలసరి అంకె కట్టినప్పుడు ఈ రెండు కంచాలూ ఒకటైపోతాయి. అందుచేతనే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలో 1972లో ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం గోదాములను లెక్కించలేదు. దాని కార్యకర్తలు ఆంధ్రప్రదేశ్‌తోసహా పలు రాష్ట్రాలలో పల్లె ఇండ్లకు వెళ్ళి, ఆ దినం ఎవరెవరు ఏమి తిన్నారో అడిగి, తూచి వ్రాసుకొన్నారు.