ఒక్క ఛాయాచిత్రకారుని ప్రదర్శనశాల

చిత్రకారుడు వ్రాసిన పటము ఒక్కటియే యుండును. దానిని భద్రపరచిన శాల మూలకృతినే భద్రపరచినట్లగును. ఛాయాచిత్రము విషయమున ఈ మాట పొసగదు. ఒక నెగటివు నుండి పెక్కు ప్రతులు తీయవచ్చును. ముద్రించువాని చేతిని బట్టి వెలుగునీడల పాలు మారుచుండును. అట్లయినచో ఒక్క ఛాయాచిత్రకారుని కృతులకే యేర్పడిన ప్రదర్శనశాల దేనిని రక్షించుచున్నట్లు?

జపానుదేశమున యమగాతా మండలములోని సకాతా నగరమున 1983లో వెలసిన కెన్ దోమోన్ ప్రదర్శనశాల ఈ విచారమునకు తగిన నిదర్శనము. ఛాయాచిత్రములకే ప్రత్యేకింపబడిన శాలలలో ఆ దేశమున ఇదియే మొదటిది. దోమోన్ 1909లో ఆ నగరముననే జన్మించెను. 1974లో సకాతా తన ప్రథమ గౌరవపౌరునిగా ఆయనను సంభావించెను. పిదప ఆయన కృతులన్నియు జన్మస్థలమునకే చెందినవి. తొలుత చేరినవి సుమారు 70,000. భవనమును యోషియో తనిగూచి నిర్మించెను.

దోమోన్ 1958లో హిరోషిమా అణ్వస్త్రబాధితుల చిత్రములను గ్రంథముగా వెలువరించెను. 1960లో చికుహో బొగ్గుగనుల ప్రాంతపు బీదబిడ్డల చిత్రములను ముతకకాగితముపై అచ్చొత్తించి, పలువురు కొనగలుగుటకై 100 యెన్లకే అమ్మించెను. ఇచ్చట కాగితము కూడ కర్త యుద్దేశములో భాగమే. అదే చిత్రము నునుపైన కాగితముపై, చట్రములో, శాలాకుడ్యముపై నిలిచినప్పుడు అర్థము కొంత మారును. కావున అట్టి శాల ఆ చవుక గ్రంథమును గూడ చిత్రముతో సమానముగా రక్షింపవలసియున్నది.

మరియొక విశేషము. దోమోన్ 1979లో మెదడు రక్తనాళమున రక్తము గడ్డకట్టుటవలన స్పృహ కోల్పోయి, 1990లో మరణించువరకు తేరుకొనలేదు. తన పేరిట శాల తెరువబడినప్పుడు ఆయన దానిని చూడజాలడయ్యెను. అటుపిమ్మట తీసిన ఏ ప్రతికిని కర్త సమ్మతి లేదు. అందుచేత ఆయన స్వయముగా సరిచూచిన ప్రతులును, ఆయన వెలువరించిన గ్రంథములును తరువాతి ముద్రణములకు ప్రమాణములగుచున్నవి.

తాళపత్రములతో పరిచయము గలవారికి ఈ సమస్య క్రొత్త కాదు. నెగటివు మాతృక, ముద్రణము ప్రతి, ఏది కర్త యంగీకరించిన పాఠమను నిర్ణయము పరిష్కర్తపని. ఒక్కని కృతులన్నియు ఒక్కచోట నున్నప్పుడే, కర్త గ్రహించినదానిని విడిచినదానితో పోల్చి చూచుటకు వీలుకలుగును. ఏకకర్తృక ప్రదర్శనశాలకు గల ప్రయోజనమిదియే. కీర్తిస్థాపనము దాని తరువాతిది.

ఆరవ నిజాము ఆస్థానమున ఛాయాచిత్రకారుడై, హైదరాబాదు ప్రభువులను భవనములను చిత్రించిన రాజా దీనదయాళ్ (1844–1905) కృతులకు ఇట్టి భాగ్యము పూర్తిగా పట్టలేదు. ఆయన గాజుపలకల నెగటివులు 2,800కు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. ఆయన కాలమున ముద్రింపబడిన ప్రతులు మాత్రము దేశవిదేశముల పెక్కు సంగ్రహములలో చెదరియున్నవి. మాతృకలొకచోట, ప్రతులు వేరొకచోట నున్నంతకాలము దీనదయాళ్ పాఠమును నిర్ణయించుట కష్టమే. ఆ రెంటిని సరిపోల్చి పట్టికను కూర్చుట మన పరిశోధకులు చేపట్టదగిన పని.