మోటారు ఎంత అడుగుతుంది? – నమూనా విమానానికి ఇ.ఎస్.సి. ఎంపిక

పాలిటెక్నిక్, ఇంజనీరింగు చదివే మన హాస్టలు తమ్ముళ్లు కొందరు బ్యాటరీతో ఎగిరే చిన్న విమానాన్ని ప్రాజెక్టుగా ఎంచుకుంటున్నారు. వాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, ఇ.ఎస్.సి. ఎన్ని ఆంపియర్లది కొనాలి?" పాడైతే ఇంకొకటి కొనే స్తోమత మనలో చాలామందికి ఉండదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాడిగా ఆ సంగతి నాకు తెలుసు. అందుకే ముందే లెక్క చూసుకుందాం.

ఇ.ఎస్.సి. అంటే ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలరు. ఇది బ్యాటరీకి, మోటారుకు మధ్య ఉండే చిన్న బోర్డు. రిసీవరు నుండి సాధారణంగా సెకనుకు 50 సార్లు దీనికి సంకేతం వస్తుంది. ఆ సంకేతం నిడివి సుమారు 1 మిల్లీసెకను అయితే మోటారు ఆగి ఉంటుంది, 2 మిల్లీసెకన్లయితే పూర్తి వేగంతో తిరుగుతుంది. దాన్ని బట్టి బోర్డులోని మాస్‌ఫెట్లు బ్యాటరీ కరెంటును బ్రష్‌లెస్ మోటారు మూడు తీగలకు వంతులవారీగా అందిస్తాయి.

బోర్డు మీద 30 ఆంపియర్లు అని ఉంటే, అంత కరెంటు మోటారులోకి నెడుతుందని కాదు, అంతవరకు తట్టుకుంటుందని అర్థం. చేదతాడు ఎంత లావుదైనా బకెట్టు బరువు పెరగదు. కానీ తాడు సన్నదైతే తెగుతుంది. ఇక్కడ బరువు ఎంతో నిర్ణయించేవి మోటారు, ప్రొపెల్లరు, బ్యాటరీ వోల్టేజి.

ఎంపికలో నాలుగు విషయాలు చూడాలి.

1. కరెంటు: పూర్తి థ్రాటిల్‌లో మోటారు ఎంత లాగుతుందో వాట్ మీటరుతో కొలవండి. ల్యాబులోని మామూలు మల్టీమీటరు సాధారణంగా 10 ఆంపియర్లకు మించి తట్టుకోదు, దాన్ని వాడకండి. వచ్చిన అంకెకు నాలుగో వంతు కలపండి. ఉదాహరణకు 18 ఆంపియర్లు వస్తే 22.5 అవుతుంది. అప్పుడు 20 చాలదు, 30 తీసుకోవాలి. పెద్దది కొంటే కాస్త బరువు, ధర పెరుగుతాయి, అంతే. ప్రొపెల్లరు సైజు పెంచితే మళ్లీ కొలవండి.

2. వోల్టేజి: మూడు సెల్సు లిపో బ్యాటరీ 11.1 వోల్టులు, పూర్తి ఛార్జిలో 12.6. మీ బోర్డు ఎన్ని సెల్సుకు పనికొస్తుందో లేబులు మీద చూడండి.

3. బీఈసీ: రిసీవరుకు, సర్వోలకు 5 వోల్టులు ఇచ్చే భాగం ఇది. లీనియరు రకమైతే మిగతా వోల్టేజిని వేడిగా మారుస్తుంది. మూడు సెల్సుతో 1 ఆంపియరుకు సుమారు 6 వాట్లు, నాలుగు సెల్సుతో సుమారు 10 వాట్లు. సర్వోలు ఎక్కువైతే స్విచింగు రకం మేలు. బీఈసీ ఆగిపోతే మోటారు బాగున్నా విమానం మన చేతిలో ఉండదు.

4. కటాఫ్: బ్యాటరీ రకం లిపో అని సెట్ చేయండి. ఛార్జి తగ్గినప్పుడు మోటారు శక్తి మెల్లగా తగ్గే 'సాఫ్ట్' కటాఫ్ పెట్టుకుంటే, సర్వోలు పనిచేస్తుండగానే విమానాన్ని దించుకోవచ్చు.

బోర్డుకు గాలి తగిలేలా అమర్చండి. ఎరుపు, నలుపు తీగలు తారుమారైతే అది క్షణంలో కాలిపోతుంది. మోటారు వెనక్కి తిరిగితే దాని మూడు తీగల్లో ఏ రెండింటినైనా మార్చితే చాలు. సెట్టింగులు చేసేటప్పుడు ప్రొపెల్లరు తీసేయడం మరవకండి, వేళ్లు తెగుతాయి.

దుకాణానికి వెళ్లేటప్పుడు ఆంపియర్లు, సెల్సు, సర్వోల సంఖ్య కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఈ మూడు అంకెలు చేతిలో ఉన్నవాడికి అమ్మేవాడు ఏదో ఒకటి అంటగట్టలేడు.