పల్లెబడిలో క్రొత్త పలక

పలకబలపములతో బడికేగు బిడ్డ చేతికి నేడు గాజుపలక వచ్చినది. వ్రేలు మోపినచోట అక్షరము వెలుగును. మరల మోపిన పలుకును. ఏనుగు కథ చెప్పుచు ఏనుగును నడిపించి చూపును. తప్పుగా కూడిన లెక్కను తప్పని తెలిపి, విసుగులేక మరల వేయించును. దీనిని జూచి మన పల్లెలలో రెండు విధములైన మాటలు వినబడుచున్నవి. ఇక పంతులుతో పనియేమి యని సంతసించువారు కొందరు. బిడ్డలు బొమ్మలు చూచుట నేర్తురుగాని చదువుట మానుదురని వగచువారు కొందరు. ఉభయులును యంత్రమునే చూచుచున్నారు. ఆ యంత్రము వచ్చి చేరిన గదిని చూచుట లేదు. విచారింపవలసినది ఆ గదిని గూర్చియే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల గుట్టల నడుమనున్న యొక చిన్న పల్లెబడిని తలచుకొందము. పిల్లలు ఇరువదిమందియో ముప్పదిమందియో, తరగతులు ఐదు, ఉపాధ్యాయులు ఒక్కరో ఇద్దరో. పంతులు మూడవ తరగతికి గుణకారము చెప్పుచుండగా ఒకటవ తరగతి బిడ్డలు గోడవైపు చూచుచుందురు. వేరుసెనగ పెరికెడి దినములలో తల్లిదండ్రులతో చేనికి పోయిన బాలుడు వారము దినములకు తిరిగివచ్చునప్పటికి పాఠము ముందుకు సాగిపోయియుండును. వాని కొరకు ఆగువారు లేరు. ఒకే తరగతిలో కూర్చున్న పదిమందిలో ఒకడు వాక్యము చదువును, ఒకడు గుణింతము కడ చిక్కుపడును, ఒకడు ఓనమాలే మరచియుండును. అందరికిని పాఠ్యపుస్తకములో పుట మాత్ర మొక్కటే. ప్రాథమిక విద్యకు మన దేశమున బట్టిన వ్యాధి ఇదియే. గాజుపలక ఈ వ్యాధికి మందగునా, లేక పైపూతయై నిలుచునా యనునదియే ప్రశ్న.

ఋషివ్యాలీ నిచ్చెన

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు దూరదేశములకు పోనక్కరలేదు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో జన్మించిన మదనపల్లెకు సమీపముననే, వారి ప్రేరణచే వెలసిన ఋషివ్యాలీ విద్యాసంస్థ యున్నది. ధనికుల బిడ్డలు చదువు ఆ వసతి పాఠశాల పేరు దేశమంతట తెలియును. దాని ప్రక్కనే గ్రామబాలురకై జరిగిన కృషి అంతగా తెలియదు. వై. ఏ. పద్మనాభరావు, ఏ. రమ దంపతులు 1980 తరువాతి దశకము చివర నుండి చుట్టుపట్ల పల్లెలలోని చిన్నబడులలో పనిచేసి, ఒక విధానమును రూపొందించిరి. ఒక్క ఉపాధ్యాయుడు అనేక తరగతులకు ఏకకాలమున చదువు చెప్పగలుగుట దాని లక్ష్యము.

వారు పాఠ్యపుస్తకమును విడదీసి చిన్న చిన్న అట్టలుగా జేసిరి. ఒక్కొక్క అట్టకు ఒక్కొక్క పని. పరిచయము చేయునవి కొన్ని, అభ్యాసమునకు కొన్ని, పరీక్షించునవి కొన్ని, తప్పిన బిడ్డకు మరల నేర్పునవి కొన్ని, ముందు నడచిన బిడ్డకు మరింత మేత పెట్టునవి కొన్ని. అట్టలపై పక్షులు, జంతువులు మొదలగు గుర్తులుండును. ఆ గుర్తును బట్టి అక్షరము రాని బిడ్డయు తన అట్టను తానే తీసికొనును. ఈ అట్టలన్నిటి వరుసయు గోడపై నిచ్చెనవలె వ్రాయబడియుండును. బిడ్డ తానే మెట్టుపై నున్నదో తానే చూచుకొనును. చేని పనికి పోయి వచ్చిన బాలుడు విడిచిన మెట్టు నుండియే ఎక్కును. వెనుకబడితి నను అవమానము వానికి లేదు. క్రొత్త పాఠము నేర్చువారు ఉపాధ్యాయుని యొద్ద, అభ్యాసము చేయువారు తోటివారి యొద్ద, స్వయముగా చేయగలవారు ప్రత్యేకముగ కూర్చుందురు. గది యంతయు పనిలో నుండును. పంతులు అవసరమైన బిడ్డ ప్రక్కను కూర్చుండును.

"పెట్టెలో బడి" యని పేరొందిన ఈ విధానము మన సరిహద్దులు దాటిపోయినది. 1995లో మైసూరు జిల్లాలోని హెగ్గడదేవనకోట తాలూకాలో ఆరంభమైన "నలి-కలి"కి ప్రేరణ ఇచ్చటిదే. చెన్నపట్టణపు కార్పొరేషను పాఠశాలలలో 2003లో మొదలై, అనంతరము తమిళనాడంతటను వ్యాపించిన కృత్యాధార బోధనకును మూలము ఇచ్చటనే యున్నది. పొరుగువారు మన యింటి దీపముతో తమ దీపము వెలిగించుకొనిరి. మన యింటిలో ఆ దీపము ఎన్ని గదులకు వెలుగిచ్చినదో మనము విచారించుకొనవలయును.

వీథిబడి మరచిన పాఠము

ఈ పద్ధతి మన నేలకు క్రొత్తదియు గాదు. పెద్దబాలుడు చిన్నబాలునికి అక్షరములు దిద్దించుట, ఇసుకలో వ్రేలితో వ్రాయించుట, ఎవని నేర్పు కొలది వానిని ముందుకు నడిపించుట మన వీథిబడుల ఆచారము. పదునెనిమిదవ శతాబ్దము తుదను చెన్నపట్టణమున అనాథ బాలుర పాఠశాలను నిర్వహించిన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు ఈ ఆచారమును జూచి, దానిని తన పాఠశాలలో ప్రవేశపెట్టి, ఇంగ్లండునకు గొనిపోయి 1797లో గ్రంథముగా ప్రకటించెను. అచ్చట అది "మద్రాసు పద్ధతి" యని ప్రసిద్ధి గాంచినది. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ తన జిల్లాలో 533 దేశీయ పాఠశాలలను, 6,641 మంది విద్యార్థులను లెక్కించి, అల్పవ్యయముతో అక్షరములు నేర్పు ఈ బడులను, పెద్ద విద్యార్థులచే చిన్నవారికి చెప్పించు పద్ధతిని శ్లాఘించెను. ఆ నివేదికయందే, ప్రజల దారిద్ర్యముచే బడులు క్షీణించుచున్నవని కూడ వ్రాసెను. ఆ బడులలో లోపములు లేకపోలేదు. బాలికలకును, అనేక కులముల బిడ్డలకును వాని తలుపులు మూయబడియుండెను. ఆ లోపమును విసర్జించి ఆ గుణమును గ్రహించుటయే వివేకము. మన దేశము పోగొట్టుకొనినదానినే ఋషివ్యాలీ అట్టలు నూతన రూపమున మరల తెచ్చి యిచ్చినవి.

యంత్రములు వచ్చిన తీరు

ఇక యంత్రముల సంగతి. 2017 సెప్టెంబరు 5వ తేదీన కేంద్రప్రభుత్వము "దీక్ష" యను విద్యావేదికను ప్రారంభించినది. పాఠ్యపుస్తకములోని చదరపు గుర్తును ఫోనుతో చూచిన యెడల పాఠము దృశ్యరూపమున కనబడు ఏర్పాటు తదుపరి వచ్చినది. 2020 మార్చిలో కరోనా వ్యాధివలన బడులు మూతపడగా, టెలివిజనుద్వారా, ఫోనులద్వారా పాఠములు ప్రసరించినవి. ఇంటికొక్క ఫోను గల కుటుంబములలో అది తండ్రితోపాటు పనికి పోయినది. బిడ్డకు పాఠము లేకపోయినది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకును, ఉపాధ్యాయులకును 5 లక్షలకు పైగా ట్యాబులను పంచిపెట్టినది. 2023లో తరగతి గదులకు పెద్ద తెరలును, ప్రాథమిక పాఠశాలలకు స్మార్ట్ టీవీలును వచ్చినవి. ఆ ట్యాబులకు పాఠములు సమకూర్చిన బైజూస్ సంస్థపై 2024 జూలైలో దివాలా విచారణ ఆరంభమైనది. దీనినిబట్టి ఒక్క నీతి గ్రహింపవలయును: వస్తువు బిడ్డదే యైనను, అందలి పాఠము పరులదైనచో, వారి కలిమిలేములతో మన బిడ్డ చదువు ముడివడును.

కుప్పమునకు ఈ అనుభవము ముందే కలదు. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ రాష్ట్రప్రభుత్వముతో గూడి, మూడు రాష్ట్రముల సరిహద్దున నున్న ఆ ప్రాంతమున సమాచార కేంద్రములను నెలకొల్పినది. స్త్రీలు సూర్యశక్తితో నడచు ముద్రణయంత్రమును, క్యామెరాను గొని ఊరూర ఛాయాచిత్రములు తీసి సంపాదించుకొనిరి. ప్రపంచమంతయు కుప్పము పేరు వినినది. కొన్ని యేండ్లకు కంపెనీ తన పాత్రను ముగించుకొనినది. ఎవరు వచ్చి ఏమి యిచ్చినను, వారు వెడలిన పిదప దానిని నడుపుకొను శక్తి ఊరిలో మిగులవలయును గదా!

ఆ కుప్పము దగ్గరనే గుడివంక కడ అగస్త్య ఫౌండేషను వారు మరియొక మార్గమున పనిచేయుచున్నారు. 1999లో స్థాపితమైన ఈ సంస్థకు రాతినేలపై పచ్చదనము పెంచిన 172 ఎకరముల ప్రాంగణమున్నది. వీరు చౌకవస్తువులతో జేసిన ప్రయోగసామగ్రిని బండ్లపై పల్లెబడులకు గొనిపోవుదురు. బిడ్డ తన చేతితో చేసి చూచి, తోటివారికి తానే వివరించును. ఇచ్చటను పిల్లలే పిల్లలకు గురువులు.

ఫలితములు చెప్పునదేమి?

పెరూ దేశము పేదబాలురకు లక్షలకొలది చిన్న కంప్యూటర్లను పంచిపెట్టినది. 2012లో వెలువడిన పరిశోధన, గణితమునందుగాని భాషయందుగాని వారికి విశేషలాభము కలుగలేదని తేల్చినది. ఢిల్లీలో 2019లో ప్రకటితమైన మరియొక పరిశోధన వేరు ఫలితమును చూపినది. ఆరు మొదలు తొమ్మిదవ తరగతి వరకుగల బిడ్డలకు కంప్యూటరు పాఠము చెప్పగా, నాలుగున్నర నెలలలోనే గణితమునందును హిందీయందును స్పష్టమైన అభివృద్ధి కానవచ్చినది. భేదమునకు కారణమేమి? పెరూలో యంత్రము నిచ్చిరి. ఢిల్లీలో ప్రతి బిడ్డ ఏ మెట్టుపై నున్నదో కనుగొని, ఆ మెట్టునకు తగిన పాఠము నిచ్చిరి. అచ్చట సహాయకులును ఉండిరి. అనగా ఋషివ్యాలీ అట్ట చేసిన పనినే యంత్రము చేసినప్పుడు ఫలించినది, చేయనప్పుడు ఫలింపలేదు.

మన రైతులకు ఈ సంగతి వేరుగా బోధింపనక్కరలేదు. పుంగనూరు ఆవు ఇంచుమించు మూడడుగుల ఎత్తుది. కొద్దిమేత మేసి, అనావృష్టికి ఓర్చి, చిక్కని పాలిచ్చును. సీమజాతి ఆవు బిందెలకొలది పాలిచ్చునని తెచ్చి, పచ్చిమేతయు నీడయు లేని దొడ్డిలో కట్టినచో పాలకు బదులు వైద్యుని ఖర్చే మిగులును. ఒకప్పుడు ఆ చిన్న ఆవును విడిచి, అది అంతరించు స్థితికి వచ్చిన పిమ్మట దాని విలువ తెలిసికొంటిమి. బడికి తెచ్చు వస్తువును గూడ మేతను బట్టి, దొడ్డిని బట్టి ఎన్నుకొనవలయును. మరియు, ఇంటినుండి ఫోనుతో బోరుమోటారును ఆడించు రైతు ఆ యంత్రమును ద్వేషింపడు. బోరులో నీరు లేనప్పుడు దానిని నమ్మడు. బడికి నీరు ఉపాధ్యాయుడే.

చేయవలసినవి

కావున యంత్రమును వెలివేయ నక్కరలేదు. దానికి పని నియమింపవలయును. అట్ట పలుకలేదు, యంత్రము పలుకును. చదువురాని తల్లిదండ్రుల యింటిలో బిడ్డ చదువునది ఒప్పో తప్పో చెప్పువారుండరు; అట్టి బిడ్డకు పలుకు పాఠము మేలు చేయును. ఏ బిడ్డ ఏ మెట్టుపై నున్నదో వ్రాసియుంచుటలో యంత్రము పంతులు భారమును తగ్గింపగలదు. ఆ భారము తగ్గుటకు మారుగా, దినమునకు పది లెక్కలు పైకి పంపుటకై ఆయన యంత్రముముందు కూర్చుండవలసివచ్చినచో, అది బడికి సాయము గాదు, సుంకము.

రెండవది భాష. కుప్పము సీమలో ఇంట తమిళమో కన్నడమో ఉర్దూయో మాటలాడు బిడ్డలు గలరు. తెలుగు బిడ్డకును రాయలసీమ పలుకుబడి వేరు. పట్టణమున కూర్చుండి చేసిన ఏకరూప పాఠము వీరి చెవికి పరాయిది. పల్లెలోని పాటలను, అవ్వలు చెప్పు కథలను పాఠములుగా మలచుకొను స్వాతంత్ర్యము ఉపాధ్యాయునకుండవలయును. యంత్రమునందు వినబడు కంఠము ఆ యూరి కంఠమైన నాడు బిడ్డ దానిని నమ్మును.

మూడవది చిన్నబిడ్డల చేయి. ఒకటి రెండు తరగతులవారు మట్టితో, గింజలతో, పుల్లలతో లెక్క నేర్వవలయును. అక్షరము చేతినుండి మనసునకు ఎక్కును. తెరపై ఈడ్చిన గింజ చేతికి బరువు తెలుపదు.

నాల్గవది ఊరి బాధ్యత. వస్తువు చెడినప్పుడు బాగుచేయువారెవరు? కరెంటు పోయినప్పుడు పాఠమేమి? బీరువాలో పెట్టి తాళము వేసినచో అడుగువారెవరు? ఈ ప్రశ్నలకు పాఠశాల కమిటీలోని తల్లిదండ్రులు సమాధానము చెప్పవలయును. ఇచ్చట భూవసతిగలవారిని, పట్టణపు పెద్దలను ఒక్కమాట అడుగక తప్పదు. మన బిడ్డలు పసుపుపచ్చని బస్సులో పట్టణపు బడికి పోవుచున్నారు. ఊరిబడిలో మిగిలినవారు మన చేలలో పనిచేయువారి బిడ్డలు. వారి బడికి తెర వచ్చినదని పత్రికలో చదివి తృప్తిపడుటతో మన ధర్మము తీరునా? నెలకొకసారి ఆ గడప త్రొక్కి, ఏ బిడ్డ ఏ మెట్టుపై నున్నదో అడిగితిమా?

1919లో రవీంద్రుడు మదనపల్లె కళాశాలలో బసచేసి జనగణమన గీతమును ఆంగ్లమున వ్రాసినాడని మనము గర్వింతుము. గర్వింపదగినదే. ఆ గీతమును ప్రతి ఉదయము పాడు పల్లెబిడ్డ, పాడిన పిమ్మట గదిలోనికి పోయి తన పేరు తప్పులేక వ్రాయగలుగవలయును. అప్పుడు ఆ గర్వమునకు అర్థము కలుగును. వ్రాయుటకు పలకయైననేమి, అట్టయైననేమి, తెరయైననేమి? ఆ బిడ్డ ప్రక్కను కూర్చుండి, తరువాతి మెట్టు చూపు మనిషి యుండవలయును. ఆ మనిషిని నిలుపుటకు ఖర్చు పెట్టిన పిమ్మట యంత్రమునకు పెట్టు ప్రతి రూపాయియు ఫలించును.