ప్రసూతి మరణాల సమీక్ష: వృత్తి సంఘ కమిటీలో వైద్యుల స్వచ్ఛంద సేవ

పాఠ్యాంశ లక్ష్యాలు

ఈ పాఠ్యాంశం చదివిన తరువాత మీరు:
• వైద్య వృత్తి సంఘం అంటే ఏమిటో, దాని కమిటీ ఏం చేస్తుందో వివరించగలుగుతారు.
• ప్రసూతి మరణాల గోప్య సమీక్ష పద్ధతిని చెప్పగలుగుతారు.
• 'మూడు ఆలస్యాలు' అనే భావనను భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామాలకు అన్వయించగలుగుతారు.

1. పరిచయం

వైద్యుడు రోగికి చేసే సేవ మనకు కనబడుతుంది. జీతం లేకుండా, సాయంత్రం వేళ కూర్చుని తోటి వైద్యుల కేసు షీట్లు చదివే సేవ కనబడదు. అయితే ఒక తల్లి ఎందుకు చనిపోయిందో తెలిస్తేనే తరువాతి తల్లిని కాపాడగలం. గర్భంతో ఉండగా గాని, ప్రసవమో గర్భస్రావమో జరిగిన 42 రోజుల లోపల గాని, గర్భానికి సంబంధించిన కారణంతో స్త్రీ మరణిస్తే దాన్ని ప్రసూతి మరణం అంటారు. ప్రమాదాల వల్ల కలిగే మరణాలు ఇందులోకి రావు.

2. వృత్తి సంఘం, దాని కమిటీలు

మన దేశంలో ప్రసూతి, స్త్రీవ్యాధి నిపుణుల స్థానిక సంఘాలన్నీ కలిసి 1950లో ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. దీనినే 'ఫాగ్సీ' అంటారు. ఇటువంటి సంఘాల కమిటీలు చికిత్సా మార్గదర్శకాలు తయారుచేస్తాయి, శిక్షణ ఇస్తాయి, మరణాలను సమీక్షిస్తాయి. ఇవి ప్రభుత్వ శాఖలు కావు. శిక్షించే అధికారం వీటికి లేదు. అదే వీటి బలం కూడా. శిక్ష భయం లేని చోట మనిషి నిజం చెబుతాడు.

3. కేరళ అనుభవం

ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రసూతి మరణాలపై గోప్య విచారణ 1952లోనే మొదలైంది. ఆ పద్ధతిని మన దేశంలో ముందుగా చేపట్టింది కేరళ ప్రసూతి నిపుణుల సమాఖ్య. 2004 నుండి డాక్టర్ వి.పి. పెయిలీ సమన్వయంలో అక్కడి వైద్యులు ఈ పని చేస్తూ వచ్చారు. పద్ధతి ఇది: ఆసుపత్రి నుండి వచ్చే కేసు షీటు నకలులో రోగి పేరు, వైద్యుని పేరు, ఆసుపత్రి పేరు తొలగిస్తారు. సమీక్షకులు దాన్ని చదివి, ఏం చేసి ఉంటే ప్రాణం నిలిచేదో రాస్తారు. ప్రసవానంతర రక్తస్రావం ప్రధాన కారణమని తేలడంతో శిక్షణను ఆ వైపు మళ్ళించారు.

నమూనా నమోదు వ్యవస్థ లెక్కల ప్రకారం కేరళలో లక్ష సజీవ జననాలకు ప్రసూతి మరణాలు 2004-06లో 95 ఉండగా, 2018-20 నాటికి 19కి తగ్గాయి. ఈ తగ్గుదల అంతా కమిటీ ఘనతే అనలేం. విద్య, రోడ్లు, ఆసుపత్రులు కూడా కారణాలే. 2018-20లో తెలంగాణ సంఖ్య 43, ఆంధ్రప్రదేశ్ సంఖ్య 45, దేశ సగటు 97.

4. అటవీ సరిహద్దులో మూడు ఆలస్యాలు

రాష్ట్ర సగటు అడవిలోని గూడెం పరిస్థితిని చెప్పదు. 1994లో థాడియస్, మెయిన్ అనే పరిశోధకులు ప్రసూతి మరణాల వెనుక మూడు ఆలస్యాలను గుర్తించారు: వైద్యం కోసం బయలుదేరాలని నిర్ణయించడంలో, ఆసుపత్రికి చేరడంలో, చేరిన తరువాత చికిత్స అందడంలో.

చర్ల, దుమ్ముగూడెం మండలాల లోపలి గూడేలను ఊహించుకోండి. వాగు పొంగితే 108 వాహనం ఇవతలి గట్టునే ఆగిపోతుంది. డోలీ కట్టి మోయడానికి నలుగురు మనుషులు కావాలి. ఇది రెండవ ఆలస్యం. ఆసుపత్రిలో రక్తం గాని, మత్తు వైద్యుడు గాని లేకపోతే సుమారు 120 కిలోమీటర్ల దూరంలోని ఖమ్మానికి పంపాలి. ఇది మూడవది.

కేసు షీటులో మాత్రం తరచుగా ఒకే వాక్యం ఉంటుంది: 'ఆలస్యంగా తీసుకువచ్చారు.' ఆ వాక్యంతో తప్పు కుటుంబానిదవుతుంది, విచారణ ముగుస్తుంది. మంచి సమీక్షకుడు అక్కడే ప్రశ్న మొదలుపెడతాడు. ఇంట్లో చిన్నపిల్లలను ఎవరు చూస్తారు? ఆసుపత్రిలో కోయ భాష తెలిసినవారు ఉన్నారా? గర్భిణికి రక్తహీనత ఉందని ఆరో నెలలోనే తెలిసిందా? తెలిస్తే ఏం చేశారు?

ఇక్కడ మరొక చిక్కు ఉంది. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది. దానిని ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌ది. ఛత్తీస్‌గఢ్ గ్రామాల నుండి కూడా ప్రసవాలకు ఇక్కడికే వస్తారు. ఇలా వచ్చిన తల్లి మరణిస్తే ఆసుపత్రి వివరాలు ఒక రాష్ట్రంలో, ఇంటి వివరాలు మరో రాష్ట్రంలో ఉండిపోతాయి. రెండింటినీ కలిపి చదివితేనే మూడు ఆలస్యాలూ కనబడతాయి. ప్రభుత్వ సమీక్ష జిల్లా వారీగా సాగుతుంది. వృత్తి సంఘాల సభ్యులకు సరిహద్దు దాటి మాట్లాడుకునే వీలు ఎక్కువ.

5. స్వచ్ఛంద సభ్యుని బాధ్యతలు

• గోప్యత: విన్నది కమిటీ గది దాటకూడదు.
• ప్రయోజనాల సంఘర్షణ: తన ఆసుపత్రి కేసు వచ్చినప్పుడు తాను తప్పుకోవాలి.
• ఆచరణీయ సిఫారసు: 'జాగ్రత్త వహించాలి' అని రాస్తే ప్రయోజనం లేదు. 'వానాకాలంలో నెలలు నిండిన గర్భిణిని వారం ముందే ఆసుపత్రి దగ్గరకు చేర్చాలి' అంటే ఎవరో ఒకరు చేయగలరు.

ఈ సేవకు పరిమితులున్నాయి. ఇంటి వద్ద జరిగిన మరణానికి కేసు షీటు ఉండదు. అక్కడ ఆశా కార్యకర్త, ఏఎన్ఎం సేకరించే వివరాలే ఆధారం. నిపుణుడు వారి మాటను సాక్ష్యంగా గౌరవించకపోతే కమిటీ సగమే చూస్తుంది.

6. సారాంశం

ప్రసూతి మరణాల సమీక్ష దోషిని వెతికే పని కాదు, దారిలో ఎక్కడ గండి పడిందో చూసే పని. గోప్యత, నిష్పాక్షికత, ఆచరణీయమైన సిఫారసు దీనికి మూలాలు. సిఫారసు అమలైందో లేదో మరుసటి సమావేశంలో అడగడం కూడా సభ్యుని బాధ్యతే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. శిక్షించే అధికారం లేకపోవడం వృత్తి సంఘ కమిటీకి ఎలా బలమవుతుంది?
2. 'ఆలస్యంగా తీసుకువచ్చారు' అనే వాక్యాన్ని మూడు ఆలస్యాల దృష్టితో విమర్శించండి.
3. మీ మండలంలోని ఒక గ్రామం నుండి సమీప ప్రసూతి కేంద్రానికి వానాకాలంలో పట్టే సమయం తెలుసుకొని, ఒక ఆచరణీయ సిఫారసు రాయండి.