బొమ్మ తుపాకీ: భయం ఒకచోట, ప్రమాదం మరోచోట

దీపావళి దగ్గరపడితే చాలా ఇళ్లలో ఈ తగువు మొదలవుతుంది. పిల్లాడు రీలు తుపాకీ కావాలంటాడు. నాన్న సరేనంటాడు, అమ్మ వద్దంటుంది, నానమ్మ “వీళ్ల నాన్న మాత్రం కాల్చలేదా” అని సర్దిచెబుతుంది. చివరికి పిల్లాడి ఏడుపే నెగ్గుతుంది, లేదంటే వాడి వీపున రెండు పడతాయి. తిరునాళ్లలో విల్లంబులు, ఎగ్జిబిషన్‌లో కత్తి, పుట్టినరోజుకు ఎవరో తెచ్చిన నురగ గుళ్ల తుపాకీ... ఏది ఇంటికొచ్చినా ఇదే వరస.

ఈ వాదనలో అందరూ పిల్లాడి మనసు గురించే మాట్లాడతారు. హింస నేర్చుకుంటాడేమో, మొండివాడవుతాడేమో అని దిగులుపడతారు. వాడి కళ్ల గురించి, పక్కింటి పిల్ల కళ్ల గురించి అడిగేవారు తక్కువ. పరిశోధనలు చెబుతున్నదీ, కంటి వైద్యులు చూస్తున్నదీ కలిపి చదివితే, మనం భయపడాల్సినచోట భయపడడం లేదని తెలుస్తుంది.

అపోహ: బొమ్మ తుపాకీ పట్టినవాడు పెద్దయ్యాక హింసకు దిగుతాడు

ఈ అనుమానం గాలిలోంచి పుట్టింది కాదు. 1961లో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ నర్సరీ బడిలో 72 మంది పిల్లలతో ఒక ప్రయోగం చేశాడు. గాలి నింపిన ‘బోబో’ అనే పెద్ద బొమ్మను ఒక పెద్దమనిషి తన్నుతూ, సుత్తితో బాదుతూ ఉంటే కొందరు పిల్లలు చూశారు. తర్వాత అలాంటి బొమ్మ, సుత్తి ఉన్న గదిలోకి పంపితే వాళ్లలో చాలామంది అచ్చం అలాగే చేశారు. బొమ్మ ఆయుధాలు వద్దనేవాళ్లు ఈ ప్రయోగాన్ని తరచూ గుర్తుచేస్తారు. అయితే అందులో రెండో బృందం కూడా ఉంది. వాళ్లు ప్రశాంతంగా ఆడుకుంటున్న పెద్దమనిషిని చూశారు. వాళ్లకూ అదే గది, అదే సుత్తి, అదే బొమ్మ. కానీ వాళ్లు అంతగా బాదలేదు. పిల్లలు ఎవరిని చూసి నేర్చుకున్నారో ఇంతకంటే స్పష్టంగా చెప్పనక్కర్లేదు.

1992లో మాల్కమ్ వాట్సన్, యింగ్ పెంగ్ అనే ఇద్దరు మూడు నుంచి ఐదేళ్ల వయసున్న 36 మంది పిల్లల్ని పరిశీలించారు. బొమ్మ తుపాకీతో ఎక్కువ ఆడే మగపిల్లల్లో నిజమైన దూకుడు కూడా ఎక్కువే కనిపించింది. పిల్లల్ని ఆడనివ్వాలనేవాళ్లు ఈ మాటను దాటవేయకూడదు. కానీ అదే అధ్యయనంలో ఆడపిల్లల్లోనూ మగపిల్లల్లోనూ దూకుడుతో గట్టిగా ముడిపడి కనిపించింది మరొకటుంది: తల్లిదండ్రులు వేసే శిక్ష. ఇక దుడుకు పిల్లాడు తుపాకీని ఎంచుకున్నాడా, తుపాకీయే వాణ్ణి దుడుకుగా మార్చిందా అన్నది ఒక్కసారి చూసి తేల్చగలిగేది కాదు. పిల్లలు పెరిగేదాకా ఆగి చూడాలి. అలా ఏళ్ల తరబడి సేకరించిన సమాచారంతో 2018లో స్వెన్ స్మిత్, క్రిస్టఫర్ ఫెర్గూసన్, కెవిన్ బీవర్ ఈ ప్రశ్ననే తీసుకున్నారు. మిగతా కారణాలను లెక్కలోకి తీసుకున్నాక, చిన్నప్పటి బొమ్మ ఆయుధాల ఆటకూ కుర్రతనంలో చేసే నేరాలకూ సంబంధం కనిపించలేదని తేల్చారు.

తుపాకీ కొనివ్వకుండా, అది కావాలని మారాం చేసినందుకు చెంప పగలగొట్టే ఇల్లు పిల్లాణ్ణి హింస నుంచి కాపాడుతోందని నేను నమ్మను. ఆ ఇంట్లో వాడు చూసిన హింస బొమ్మది కాదు, నిజమైనది.

అపోహ: ఆడనిస్తే లోపలి కోపమంతా బయటికి పోతుంది

ఇది అవతలి పక్షం వాళ్లు చెప్పే మాట. దీనికీ ఆధారం లేదు. 2002లో బ్రాడ్ బుష్‌మన్ కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ సంచిని గుద్దినవాళ్లకు కోపం తగ్గకపోగా పెరిగింది. ఊరికే కూర్చున్నవాళ్లే వాళ్లకంటే నయమనిపించారు. కాబట్టి తమ్ముడి మీద కోపంతో ఊగిపోతున్న పిల్లాడి చేతికి కత్తి బొమ్మ ఇచ్చి “దీన్ని కొట్టు” అనడం పరిష్కారం కాదు. పిల్లలు ఆడుకోవాల్సింది సరదాగా ఉన్నప్పుడు. కోపంగా ఉన్నప్పుడు వాళ్లకు కావలసింది పక్కన కూర్చునే మనిషి.

అపోహ: మనం కొనకపోతే ఆ ఆటే ఉండదు

నాలుగేళ్ల పిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఒక్క సాయంత్రం గమనించండి. స్కేలు కత్తవుతుంది, గరిటె గద అవుతుంది, ఏమీ దొరక్కపోతే చూపుడువేలే తుపాకీ. పక్కనున్న పిల్లాడు “అమ్మా” అంటూ కిందపడి, మరుక్షణం లేచి నవ్వుతాడు. ఇంగ్లండులో చాలా నర్సరీ బడులు ఒకప్పుడు ఆయుధాల ఆటను పూర్తిగా నిషేధించాయి. అలాంటి బడులను దగ్గరగా చూసిన పెన్నీ హాలండ్ 2003లో దీనిమీద ఒక పుస్తకమే రాశారు. నిషేధం వల్ల ఆ ఆట పోలేదని, మాటిమాటికీ గద్దింపులు తిన్నది మాత్రం ముఖ్యంగా మగపిల్లలేనని ఆమె వాదన. ఆడనిచ్చి, పక్కన ఉండి గమనిస్తే, కాల్పులు కాస్తా కథలుగా మారే అవకాశం ఉంది. దొంగ, పోలీసు, గాయపడినవాడికి కట్టుకట్టే డాక్టరు, అందరికీ వంట చేసిపెట్టే అమ్మ... ఆట అలా పెరుగుతుంది.

వద్దనుకున్న తల్లిదండ్రులు కొనకపోవడంలో తప్పేమీ లేదు. అది ఆ ఇంటి నిర్ణయం. వేలుతో “ఢాం” అన్నందుకు పిల్లాణ్ణి దోషిలా నిలబెట్టడమే తప్పు.

అపోహ: కొట్లాట ఆట చివరికి నిజం కొట్లాటే అవుతుంది

బడి ఆవరణలో పిల్లల్ని గంటల తరబడి గమనించిన ఆంథొనీ పెల్లెగ్రిని, పీటర్ స్మిత్ వంటి పరిశోధకులు ఈ విషయంలో మంచి ఊరట ఇచ్చారు. మామూలు పిల్లల్లో కలియబడే ఆట నిజమైన తగవుగా మారేది నూటికి ఒకసారి చొప్పునే. టీచర్లు మాత్రం అది ఎంతో ఎక్కువని అనుకుంటారు. అయితే తోటిపిల్లలు దగ్గరికి రానివ్వని పిల్లల విషయంలో ఆట చెడిపోవడం తరచుగా జరుగుతుంది. అలాంటి పిల్లాడికి కావలసింది స్నేహితులు. వాడి చేతిలోని కత్తి లాక్కున్నంత మాత్రాన వాళ్లు రారు.

ఆటో, తగవో మొహం చూస్తే తెలిసిపోతుంది. ఆటలో నవ్వు ఉంటుంది, వంతులు మారతాయి, బలమైనవాడు కావాలని ఓడిపోతాడు, చచ్చిపోయినవాడు మళ్లీ లేస్తాడు. ఎప్పుడూ ఒక్కరే దెబ్బలు తింటున్నా, ఆ పిల్ల మొహంలో నవ్వు పోయినా, “వద్దు” అన్నాక కూడా అవతలివాడు ఆపకపోయినా అది ఆట కాదు. అప్పుడు పెద్దవాళ్లు వెంటనే మధ్యలోకి వెళ్లాలి. ఆడపిల్లలకు ఈ ఆటలెందుకనేవాళ్లతో నాకు ఏకీభావం లేదు. విల్లు పట్టాలనిపించిన పిల్లకు విల్లు ఇవ్వండి.

అపోహ: తుపాకీలే చెడ్డవి, మన పాత ఆటలతో భయం లేదు

1987 జనవరిలో దూరదర్శన్‌లో ‘రామాయణ్’ ధారావాహిక మొదలైంది. ఆ వెనుకే ‘మహాభారత్’ వచ్చింది. ఆదివారం పొద్దున టీవీ చూసిన పిల్లలు మధ్యాహ్నానికల్లా వెదురుబద్దకు తాడు కట్టి, చీపురు పుల్లలు బాణాలుగా వీధిలోకి వచ్చేవారు. అప్పట్లో బాణాలు తగిలి కళ్లు దెబ్బతిన్న పిల్లల గురించి మన దేశపు కంటి వైద్యులు వైద్య పత్రికల్లో రాశారు. చీపురు పుల్ల తేలికైనదే. కానీ మొన సన్నగా ఉంటుంది కాబట్టి నల్లగుడ్డును చీల్చుకుని లోపలికి పోగలదు. దానికి అంటుకున్న మట్టితో చీము పడితే చూపు దక్కడం కష్టం. బిళ్లంగోడు ఆడేటప్పుడు ఎగిరొచ్చే బిళ్ల కూడా కంటి గాయాలకు పేరుమోసిందే. తెలంగాణలో చిర్రగోనె అన్నా ఆ బిళ్ల వేగం ఒకటే. ఉండేలు సంగతి వేరే చెప్పాలా?

ఈ ఆటలు మానేయమని నేను అనను. రాముడి బాణం, హనుమంతుడి గద, భీముడి గద మన పిల్లల ఊహల్లోంచి పోకూడదు. బాణం మొనకు మెత్తని గుడ్డ కట్టాలి, మనుషుల వైపు గురిపెట్టకూడదు, బిళ్ల లేచేవైపు చిన్నపిల్లలు నిలబడకూడదు. ఈ మాత్రం కట్టడి ఉంటే చాలు.

అపోహ: బొమ్మే కదా, దానితో ఏమవుతుంది

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. బొమ్మలోంచి ఏదైనా వేగంగా బయటికి వస్తోందంటే దాన్ని బొమ్మగా చూడడం ఆపాలి. 2017లో లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి వైద్యులు, నెర్ఫ్ తుపాకుల నురగ గుళ్లు తగిలి కంటిలోపల రక్తస్రావమైన ముగ్గురి గురించి రాశారు. వారిలో ఒకరు 11 ఏళ్ల బాలుడు. స్పాంజిలా కనిపించే గుండే అంత పని చేసింది. గట్టి ప్లాస్టిక్ పూసలు చిమ్మే చవక తుపాకీల సంగతి ఊహించుకోవచ్చు. పైకి చిన్న ఎర్రమచ్చలా కనిపించే దెబ్బ వెనక కంటిపొర చిరిగి ఉండవచ్చు, ఏళ్ల తర్వాత నీటికాసులు రావచ్చు.

నీళ్లలో నానబెట్టి పేల్చే జెల్ పూసలకు ఇంకో గుణం ఉంది. పసిపిల్లలు మింగితే అవి పేగులో ఉబ్బి అడ్డుపడతాయి. ఎక్స్‌రేలో సరిగా కనిపించవు కాబట్టి డాక్టరుకు మనమే చెప్పాలి. చప్పుడు, లైట్లు వచ్చే తుపాకీల్లో గుండీ బ్యాటరీ ఉండవచ్చు. అది గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. బ్యాటరీ మూతకు స్క్రూ లేని బొమ్మ ఎంత చవకైనా కొనకండి. రీలు తుపాకీని చెవి పక్కన పేల్చనివ్వకండి.

2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో జరిగింది ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాలి. ప్లాస్టిక్ పైపులో కాల్షియం కార్బైడ్ వేసి, నీళ్లు పోసి, లైటర్‌తో అంటించే ‘కార్బైడ్ తుపాకీ’ని బొమ్మలా అమ్మారు. మామిడికాయలు మాగబెట్టడానికి దొంగచాటుగా వాడే కార్బైడే అది. నీళ్లు తగిలితే అందులోంచి అసిటిలీన్ వాయువు వస్తుంది. పేలకపోతే ఏమైందోనని పిల్లలు గొట్టంలోకి తొంగిచూశారు. అప్పుడు పేలింది. వంద మందికి పైగా కళ్లు దెబ్బతిని ఆసుపత్రుల పాలయ్యారు. కొందరికి చూపే పోయింది. హైదరాబాద్ మెహిదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికీ ప్రతి దీపావళి రాత్రి బాణసంచా గాయాలతో పిల్లలు వస్తూనే ఉన్నారు.

మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. బండి మీద, ఆన్‌లైన్‌లో ఆ గుర్తు లేనివి ఇంకా దొరుకుతాయి. ఇక ఎయిర్ గన్ ఆటబొమ్మల కోవలోకి రాదు. పిల్లల చేతికి ఇవ్వకూడదు.

అపోహ: అచ్చం నిజమైన తుపాకీలా ఉంటే ఇంకా బాగుంటుంది

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ బొమ్మ తుపాకీ మొనకు నారింజరంగు ఉండాలని 1988లోనే చట్టం చేశారు. 2014 నవంబరులో ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లోని పార్కులో, ఆ నారింజ మొన లేని ఎయిర్‌సాఫ్ట్ పిస్టల్‌తో ఉన్న 12 ఏళ్ల బాలుణ్ణి పోలీసులు కాల్చారు. ఆ పిల్లాడు చనిపోయాడు. నిజమైన తుపాకులు ఇళ్లలో ఉండే దేశంలో అచ్చుగుద్దినట్టున్న బొమ్మ వద్దే వద్దు. ఆకుపచ్చదో, పసుపుపచ్చదో కొనండి. మీ పిల్లలు ఆడుకోవడానికి వెళ్లే ఇంట్లో తుపాకీ ఉందా, ఉంటే తాళం వేసి పెడతారా అని మొహమాటం లేకుండా అడగండి.

అపోహ: కంట్లో దెబ్బకు ఇంటివైద్యం చాలు

తల్లిపాలు పిండడం, ఆముదం వేయడం, కొంగును నోటితో ఊది వేడిచేసి అద్దడం... ఇవేవీ చేయకండి. నలపకండి. గుచ్చుకున్నది ఏదైనా ఉంటే పీకకండి. కంటి మీద ఒత్తిడి పడకుండా కాగితపు కప్పు లాంటిది అడ్డుపెట్టి నేరుగా కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి. కార్బైడ్, సున్నం లాంటి రసాయనం పడితే మాత్రం ముందు శుభ్రమైన నీళ్లు ధారగా పోసి బాగా కడిగి, అప్పుడు బయల్దేరండి.

తిడతారని, కొడతారని భయపడి పిల్లలు కంటి దెబ్బను దాచిపెడతారు. చూపు మసకేసిందని చెప్పేసరికి రోజులు గడిచిపోయి ఉంటాయి. అందుకే బొమ్మ కొన్నా, కొనకపోయినా ఈ రాత్రే మీ పిల్లలతో ఒక మాట చెప్పండి: ఎవరి కంటికి దెబ్బ తగిలినా, తప్పు ఎవరిదైనా, వెంటనే వచ్చి చెప్పండి, కొట్టం. చెప్పాక ఆ మాట మీద నిలబడండి.